శవాలు ఎందుకు గెంతుతాయి? ‘మిస్టర్ వాంపైర్’ చూసి అడిగినవారికి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. 1985 నాటి హాంగ్‌కాంగ్ సినిమా ‘మిస్టర్ వాంపైర్’ మొన్న రాత్రి మొదటిసారి చూశానన్నారు. చేతులు ముందుకు చాచి ఆ శవాలు ఎందుకు గెంతుతాయి, నుదుటి మీద పసుపు కాగితం ఏమిటి, దయ్యాల సినిమాలో బియ్యం గొడవ ఎందుకు అని అడిగారు. భయపడాలో నవ్వాలో తెలియలేదని, పక్కన కూర్చున్న స్నేహితుడు ‘చవకబారు కామెడీ’ అని లేచి వెళ్ళిపోయాడని కూడా రాశారు. ఇంకా ఇలాంటివి ఏం చూడొచ్చో చెప్పమన్నారు.

నేను ఇరవై ఏళ్ళకు పైగా బయటి భాషల సినిమాలకు తెలుగు డబ్బింగ్ మాటలు రాస్తున్నాను. ఈ సినిమా మొదట చూసింది కాలేజీ రోజుల్లో, అరిగిపోయిన వీడియో క్యాసెట్ మీద. ఆ తర్వాత ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. మీ స్నేహితుడు లేచి వెళ్ళిపోయాడంటే నాకు నిజంగా బాధేసింది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ‘వాంపైర్’ అనే మాటను పక్కన పెట్టండి. సగం అయోమయం అక్కడే మొదలవుతుంది. ఆ పేరు వినగానే మనకు నల్ల కోటు, కోట, గబ్బిలం, అందమైన మెడ కనిపిస్తాయి. హాంగ్‌కాంగ్ జనం మాట్లాడే కాంటనీస్‌లో ఈ సినిమా పేరు ‘గెయోంగ్‌సీ సిన్‌సాంగ్’. ‘గెయోంగ్‌సీ’ అంటే బిగుసుకుపోయిన శవం. చైనా అధికార భాష మాండరిన్‌లో దాన్నే ‘జియాంగ్‌షీ’ అంటారు. ‘సిన్‌సాంగ్’ మనం పేరు చివర పెట్టే ‘గారు’ లాంటిది. ‘శవంగారు’ అనుకోండి. అయితే అదే మాటను గురువునీ, స్థలం చూసి మంచిచెడ్డలు చెప్పే పెద్దమనిషినీ పిలవడానికి కూడా వాడతారు. కాబట్టి పేరు శవానిదీ కావచ్చు, ఆ శవాల పని చూసే గురువుదీ కావచ్చు. ఇంగ్లీషు పేరులో ఈ రెండో అర్థం పోయింది.

ఇక గెంతడం. చనిపోయిన కొన్ని గంటలకు ఒళ్ళు బిగుసుకుంటుందని మనందరికీ తెలుసు. ఆ బిగుసుకోవడం వదలకుండా అలాగే ఉండిపోయి, ఆ శవం లేచి కదిలితే ఎలా ఉంటుంది? మోకాలు వంగదు, మోచెయ్యి వంగదు, మెడ తిరగదు. నడవాలంటే మోకాలు వంగాలి. వంగదు కాబట్టి రెండు కాళ్ళూ ఒకేసారి ఎత్తి గెంతడమే గతి. ఇంత మామూలు తర్కం అది.

దీని వెనక ఇంకో కథ కూడా ఉంది. చైనాలో హునాన్ రాష్ట్రం పడమటి భాగాన్ని షియాంగ్‌షీ అంటారు. కొండలు, అడవులు, ఇరుకు దారులు. పని కోసం దూరం వెళ్ళి అక్కడే చచ్చిపోయినవాళ్ళను సొంత ఊళ్ళో పాతిపెట్టకపోతే ఆత్మ కుదుటపడదని నమ్మకం. బండి కట్టించి తెప్పించే స్తోమత అందరికీ ఉండదు. అప్పుడు ‘శవాలను తోలుకొచ్చే’ మంత్రగాళ్ళు ఉండేవారని, వాళ్ళు రాత్రిపూట గంట మోగిస్తూ ముందు నడుస్తుంటే శవాలు వరసగా వెనక గెంతుతూ వచ్చేవని జనం చెప్పుకునేవారు. అసలు సంగతి ఏమిటంటే, శవాలను నిలబెట్టి, చేతులను రెండు పొడవాటి వెదురు బొంగులకు కట్టి, ఆ బొంగులను ముందొకడు వెనకొకడు భుజాన వేసుకుని మోసేవారని ఒక వివరణ ఉంది. నడుస్తుంటే వెదురు ఊగుతుంది. చీకట్లో దూరం నుంచి చూసేవాడికి చేతులు చాచిన మనుషులు గెంతుకుంటూ పోతున్నట్టే కనిపిస్తుంది.

సినిమా మొదటి సన్నివేశం గుర్తు తెచ్చుకోండి. కళ్ళజోడు పెట్టుకున్న ఒక తావో గురువు, అంటే చైనా పాత మతమైన తావో పూజారి, శవాల వరసను తోలుకుని వచ్చి, కథలో ముఖ్యుడైన మన గురువుగారి దగ్గర బస చేస్తాడు. అతని పేరే ‘నాలుగు కళ్ళాయన’. ఆ శవాలను అతను ‘కస్టమర్లు’ అంటాడు. అతను చేసేది ఈ షియాంగ్‌షీ పనే. ఆ శవాలు దయ్యాలు కావు, ఇంటికి వెళ్తున్న ప్రయాణికులు. అవి ఆగిన చోటు కూడా మామూలు ఇల్లు కాదు, పాతిపెట్టడానికి ముందు శవపేటికలను దాచి ఉంచే సత్రం. కాపలా గురువుగారిది. ఈ విషయం తెలిసి చూస్తే ఆ సన్నివేశంలో నవ్వుతోపాటు ఒక జాలి కూడా కనిపిస్తుంది. మన విక్రమార్కుడు చెట్టు మీంచి శవాన్ని దింపి భుజాన వేసుకుని మౌనంగా శ్మశానం వైపు నడుస్తాడు చూడండి, నాకు ప్రతిసారీ ఆ బొమ్మే గుర్తొస్తుంది. అక్కడా నోరు విప్పితే పని చెడుతుంది, ఇక్కడా ఒక్క కాగితం ఎగిరిపోతే పని చెడుతుంది.

అయితే మన దయ్యానికీ వాళ్ళ గెయోంగ్‌సీకీ పెద్ద తేడా ఉంది. అది పట్టుకోకపోతే ఈ సినిమా అర్థం కాదు. మనం ఎక్కువగా శవాన్ని దహనం చేస్తాం కాబట్టి మన దయ్యానికి ఒళ్ళు ఉండదు. తెల్లచీరలో కనిపిస్తుంది, గాలిలో కలిసిపోతుంది, ఎవరినో పట్టుకుంటుంది. బేతాళుడిలా శవంలో దూరేవి తక్కువ. చైనావాళ్ళ పాత నమ్మకంలో మనిషిలో రెండు రకాల ఆత్మలు ఉంటాయి. పైకి పోయేది ‘హున్’, ఒంటిని అంటిపెట్టుకుని ఉండేది ‘పో’. హున్‌లో తెలివి, ప్రేమ, జ్ఞాపకం ఉంటాయి. ‘పో’లో ఉండేది కదలిక, ఆకలి. హున్ వెళ్ళిపోయి పో ఒక్కటే మిగిలితే ఆ శవానికి ఎవరూ గుర్తుండరు. కొడుకైనా మనవరాలైనా ఒకటే. కిందటి శతాబ్దాల చైనా రచయితలు, ముఖ్యంగా 18వ శతాబ్దపు యువాన్ మెయ్, ఇలాంటి కథలు చాలా రాశారు. ఈ సినిమాలో కూడా ఊళ్ళో డబ్బున్న యామ్ తండ్రి, పెద్ద యామ్ శవం లేచీ లేవగానే సొంత కొడుకు దగ్గరికే వెళ్తుంది. నాకు సినిమా మొత్తంలో ఒళ్ళు జలదరించేది ఇక్కడే. పగ లేదు, మాట లేదు, గుర్తుపట్టడం అసలే లేదు.

ఆ శవం ఎందుకు లేచిందో చెప్పే సన్నివేశం మీద మీరు ఏమీ రాయలేదు. చాలామంది దాన్ని తొందరగా దాటేస్తారు. దయచేసి మళ్ళీ చూడండి.

ఊళ్ళో డబ్బున్నవాడు యామ్. ఇరవై ఏళ్ళ కింద పాతిపెట్టిన తండ్రి శవాన్ని తవ్వి వేరే చోట పెట్టించమని గురువుగారిని పిలుస్తాడు. గురువుగారు సమాధి చూసి, ఇది ‘తూనీగ నీటిని తాకే’ స్థలం అంటాడు. వాళ్ళ వాస్తు లెక్కలో చాలా గొప్ప స్థలం. పొడవు 34 అడుగులు ఉన్నా 4 అడుగులే పనికొస్తుంది, వెడల్పు 13 ఉన్నా 3 అడుగులే పనికొస్తుంది. అంత ఇరుకులో పెట్టె అడ్డంగా పట్టదు, నిలువుగా దించాలి. ఆ పద్ధతి పేరు ‘ఫాట్ జోంగ్’, అంటే విధి ప్రకారం చేసే ఖననం. ఇక్కడ ఒక జోక్ ఉంది. కాంటనీస్‌లో ‘ఫాట్’ అంటే పద్ధతి, విధి. ఫ్రాన్స్ దేశాన్ని కూడా ‘ఫాట్’ అక్షరంతోనే రాస్తారు. అందుకని శిష్యుడు అమాయకంగా ‘ఫ్రెంచి పద్ధతి ఖననమా?’ అని అడుగుతాడు. నేను దీన్ని తెలుగులోకి తేవాలని చాలాసార్లు కూర్చున్నాను, కుదరలేదు. కుదరకపోయినా ఆ జోక్ ఎక్కడ పడిందో గమనించండి. మనవలు, బంధువులు అందరూ చేతులు కట్టుకుని నిలబడి ఉన్న సమాధి దగ్గర, పెట్టె ఇంకా తెరవక ముందు. నవ్వు పూర్తవకుండానే పెట్టె పైకి వస్తుంది. ఇరవై ఏళ్ళ శవం కుళ్ళలేదు.

కారణం గురువుగారికి వెంటనే తెలిసిపోతుంది. స్థలం మంచిదే, కానీ పైన సిమెంటుతో మూసేశారు. తూనీగ నీటిని తాకాలి, ఇక్కడ తాకే వీలు లేకుండా చేశారు. అలా చేయించింది స్థలం చూపించిన వాస్తు పండితుడే. ఎందుకు? ఆ స్థలం మొదట అతనిదే. పెద్ద యామ్ బతికున్నప్పుడు ఆశ చూపించి, బెదిరించి దాన్ని లాక్కున్నాడు. పండితుడు ఇలా పగ తీర్చుకున్నాడు. అయినా అతనికి కాస్త మనసుంది కాబట్టే ఇరవై ఏళ్ళకు తవ్వి తీయమని చెప్పి పోయాడట. సగం జీవితం చెడాలి గానీ జీవితమంతా చెడకూడదు, ఒక తరం నష్టపోవాలి గానీ పద్దెనిమిది తరాలు పోకూడదు. పగకు కూడా ఒక కొలత పెట్టుకున్న మనిషి. తెర మీద ఒక్కసారి కూడా కనిపించని ఈ పాత్రను ఒక్క మాటతో నిలబెట్టారు. రాసేవాడిగా నాకు ఈ చోటు చూస్తే ఇప్పటికీ అసూయ.

అప్పుడు గురువుగారు శవాన్ని కాల్చేయమంటాడు. యామ్ ఒప్పుకోడు. ‘మా నాన్నకు నిప్పంటే భయం’ అంటాడు. చచ్చిపోయిన తండ్రి భయాన్ని కూడా మన్నించే కొడుకు. ఆ మన్నన వల్లే తర్వాత ఆ తండ్రి చేతిలో పోతాడు. చివరికి ఆ శవం అంతమయ్యేది నిప్పులోనే. ఇంత బిగువుగా అల్లిన కథను చవకబారు అనడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు.

ఇప్పుడు కాగితం, బియ్యం సంగతి. నా ఉద్దేశంలో ఈ సినిమా ప్రాణం అంతా నియమాల్లో ఉంది. దయ్యం ఏం చెయ్యగలదో, ఏం చెయ్యలేదో మొదటి అరగంటలోనే మనకు చెప్పేస్తారు. ఆ తర్వాత ఆ నియమాలను ఎక్కడా తప్పరు. తప్పేది మనుషులే. నవ్వు వచ్చేదీ అక్కడే, భయం పుట్టేదీ అక్కడే.

పసుపు కాగితం తావో గురువు రాసే మంత్రం చీటీ. ఇంగిలీకంతోనో కోడి రక్తంతోనో దాని మీద ఆజ్ఞ రాస్తారు. ప్రభుత్వ ఉత్తర్వులాంటి భాషలో ఉంటుంది అది. నుదుటి మీద అది ఉన్నంతసేపు శవం కట్టుబడి ఉంటుంది. శవాలకు ఆ నల్లటి పాత దుస్తులు, టోపీ ఎందుకంటే, అవి చింగ్ రాజుల కాలంలో అధికారులు వేసుకున్నవి. అలాంటి దుస్తులతోనే సమాధి చెయ్యడం గొప్పింటివాళ్ళకు మర్యాద. సినిమా కథ జరిగేది రాజరికం పోయిన తొలిరోజుల్లో. అంటే చచ్చినవాళ్ళు పాత ప్రభుత్వం దుస్తుల్లో గెంతుతుంటే, బతికినవాళ్ళు కాఫీ తాగడం నేర్చుకుంటున్నారు. కాఫీ హోటల్లో కాఫీ వేరుగా, పాలు వేరుగా వస్తే ఎలా తాగాలో తెలియక గురువుగారు, శిష్యుడు తికమకపడే సన్నివేశం ఉంది కదా. శవాల ముందు చెయ్యి వణకని మనిషి అక్కడ ఒక కప్పు ముందు తడబడతాడు.

శవానికి కళ్ళు సరిగా కనిపించవు, మనిషి శ్వాసను బట్టి వస్తుంది. ఊపిరి బిగబడితే పక్కనే ఉన్నా కనిపెట్టలేదు. ఈ ఒక్క నియమంతో ఎన్ని సన్నివేశాలు అల్లారో చూడండి. మా పిల్లలు ఈ సినిమా చూసిన వారం రోజులూ ఇంట్లో ఒకరి ముందు ఒకరు చేతులు చాచి గెంతడం, రెండోవాళ్ళు బుగ్గలు ఉబ్బించి నిలబడటం. నేను సినిమా చూసేటప్పుడు ఇప్పటికీ ఆ చోట తెలియకుండానే ఊపిరి ఆపేస్తాను.

పెట్టెకు సిరా గీతలు కొట్టే సన్నివేశం మాత్రం దగ్గర నుంచి చూడాలి. వడ్రంగులు దుంగ మీద తిన్నగా గీత కోసం రంగులో తడిపిన దారం లాగి పట్టుకుని టప్పున వదులుతారు కదా, అదే పనిముట్టు. చైనా వడ్రంగుల దగ్గర సిరా డబ్బా, చుట్టిన దారం కలిసి ఉంటాయి. తిన్నని గీతకు చెడును ఆపే శక్తి ఉందని నమ్మకం. గురువుగారు సిరాలో కోడి రక్తం కలిపి, ఈ గీతలు పెట్టె అంతా గళ్ళు గళ్ళుగా కొట్టమని ఇద్దరు శిష్యులకు చెప్తాడు. ఒకడు దారం లాగుతాడు, ఇంకొకడు వదులుతాడు. మూత అయింది, పక్కలు అయ్యాయి. కబుర్లలో పడి అడుగు భాగం మరిచిపోయారు. అంతే. ఆ ఒక్క మరుపుతోనే తర్వాతి గంట కథ నడుస్తుంది. రాక్షస శక్తి వల్లనో, శాపం వల్లనో కాదు, ఇద్దరు కుర్రాళ్ళు అప్పగించిన పని సగం చేసి చేతులు దులుపుకోవడం వల్ల శవం బయటికొచ్చింది. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ‘చెప్పిన పని చెప్పినట్టు చెయ్యరు’ అని విసుక్కునే మాట ఇక్కడ ప్రాణం మీదికి వచ్చింది.

బియ్యం కూడా అంతే. శవం విషాన్ని లాగేసేది మామూలు బియ్యం కాదు, ఉడికితే ముద్దగా అతుక్కునే జిగురు బియ్యం. శిష్యుడు మన్ ఛోయ్‌కి శవం గోళ్ళు దిగితే, అతను కూడా శవంలా మారిపోకుండా ఉండటానికి నేల మీద ఆ బియ్యం పోసి, దాని మీద ఆగకుండా ఆడమంటాడు గురువు. ఒళ్ళు కదులుతుంటే బిగుసుకోదు. ఇంకో శిష్యుడు చౌ సాంగ్ బియ్యం కొనడానికి వెళ్తాడు. కొట్టువాడు లాభం కోసం జిగురు బియ్యంలో మామూలు బియ్యం కలిపి అంటగడతాడు. కల్తీ బియ్యం! ఒక ఊళ్ళో ఫిల్మ్ క్లబ్బులో ఈ సినిమా వేసి నేను పక్కనే నిలబడి మాటలు చెప్పాను. ఆ సన్నివేశం దగ్గర ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దాయన ‘అక్కడా ఇదేనా!’ అని గట్టిగా అన్నాడు. హాలంతా నవ్వింది. మరుక్షణం మన్ ఛోయ్ ముఖం చూసి మళ్ళీ హాలు నిశ్శబ్దమైపోయింది. మీరు భయపడాలో నవ్వాలో తెలియలేదన్నారు కదా, ఆ హాల్లో రెండూ ఒకే నిమిషంలో జరిగాయి.

ఇదంతా నిలబడటానికి కారణం ఒక్క మనిషి. గురువుగారి పాత్ర వేసిన లామ్ చింగ్‌యింగ్. ఊళ్ళోవాళ్ళు గురువుగారిని ‘గౌ సుక్’ అంటారు. ‘గౌ’ అంటే తొమ్మిది. ‘సుక్’ అంటే నాన్న తమ్ముడు. ఇంగ్లీషు సబ్‌టైటిల్ రాసేవాళ్ళు దీన్ని ‘అంకుల్’ అనో ‘మాస్టర్’ అనో సరిపెడతారు. మనకు అచ్చంగా ఆ మాటే ఉంది, ‘బాబాయి’. భయం, చనువు, గౌరవం మూడూ కలిసిన పిలుపు. హాంగ్‌కాంగ్ అభిమానులు లామ్‌ను కూడా ‘యింగ్ సుక్’, అంటే యింగ్ బాబాయి అనే పిలుస్తారు.

ఆ బాబాయి ఈ సినిమా చేసేనాటికి నడివయసువాడు కూడా కాదని తెలిస్తే ఆశ్చర్యపోతారు. లామ్ పుట్టింది 1952 డిసెంబర్‌లో. అంటే సినిమా విడుదలైన 1985 నవంబర్‌కి ఇంకా 33 నిండలేదు. ఆయన చేత చెంపదెబ్బలు, మొట్టికాయలు తినే శిష్యుడు మన్ ఛోయ్ వేషం వేసిన రికీ హుయ్ 1946లో పుట్టాడు. శిష్యుడు గురువు కంటే ఆరేళ్ళు పెద్ద! అయినా ఒక్క క్షణం కూడా మనకు అనుమానం రాదు. ఆ కలిసిపోయిన కనుబొమలు, నెరిసిన జుట్టు మేకప్. కానీ నడక, నిలబడే తీరు, చెయ్యి కదిపే కొలత మేకప్‌తో వచ్చేవి కావు. లామ్ చిన్నప్పుడే పెకింగ్ ఆపెరా, అంటే పాట, కత్తిసాము, పల్టీలు కలిసిన చైనా నాటకం నేర్పే బడిలో శిక్షణ పొందాడు. తర్వాత బ్రూస్ లీ బృందంలో ఫైటర్. మంత్రం చదువుతూ వేళ్ళు ముడిచే తీరులో, కత్తి తిప్పి ఆపడంలో ఆ స్టేజి క్రమశిక్షణ కనిపిస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం, ఆయన నవ్వించడానికి ప్రయత్నించడు. చుట్టూ ఎంత గోల జరుగుతున్నా పని చేసుకుపోతాడు. డబ్బింగ్ థియేటర్‌లో ఈ తరహా పాత్రలకు గొంతు ఇచ్చేవాళ్ళతో నాకు ఎప్పుడూ ఒకటే గొడవ. పక్క సీన్ కామెడీ కాబట్టి వీళ్ళు కూడా గొంతులో కామెడీ పెట్టేస్తారు. అలా పెట్టగానే శవం అట్టబొమ్మ అయిపోతుంది. గురువు నమ్మితేనే మనం నమ్ముతాం. ఒకసారి ఇలాంటి ఒక సినిమా నాకు తెలియకుండా వేరేవాళ్ళ చేత మళ్ళీ డబ్బింగ్ చెప్పించారు. గురువు పాత్రకు ముక్కుతో మాట్లాడే జోకర్ గొంతు పెట్టారు. పిల్లలు కూడా పది నిమిషాలకే లేచిపోయారు. ఆ రోజు ఇంటికి వచ్చి అన్నం సహించలేదు నాకు.

శవం వేషం వేసిన యువెన్ వా గురించి కూడా చెప్పాలి. ఈయన కూడా బ్రూస్ లీ దగ్గర పనిచేసినవాడే. బ్రూస్ లీ సినిమాల్లో పల్టీలు కొట్టాల్సి వచ్చినప్పుడు ఆయన బదులు దూకింది ఈయనే. కాబట్టి చివరి పోరాటంలో మనం చూసేది ఒకప్పుడు బ్రూస్ లీ వెనక నిలబడిన ఇద్దరు మనుషులను. మోకాలు, మోచెయ్యి వంచకుండా ఫైట్ చెయ్యడం ఎంత కష్టమో ఇంట్లో ఒకసారి ప్రయత్నించి చూడండి. దెబ్బ కొట్టాలంటే చెయ్యి వెనక్కి తియ్యాలి, తియ్యడానికి కీలు వంగదు. పడితే లేవాలి, లేవడానికి మోకాలు వంగదు. పలకలా తిన్నగా పైకి లేస్తాడు. తీగలు, బల్లలు, మంచి ఒళ్ళు, ఇవే వాళ్ళ గ్రాఫిక్స్.

దర్శకుడు రికీ లౌకి ఇది మొదటి సినిమా. అంతకు ముందు ఆయన కెమెరామన్. నిర్మాత సామో హుంగ్. ఈ ధోరణికి అసలు పునాది వేసింది ఆయనే, 1980లో దయ్యాలు, కుంగ్‌ఫూ, కామెడీ కలిపి తనే నటించి తీసిన ‘ఎన్‌కౌంటర్స్ ఆఫ్ ది స్పూకీ కైండ్’తో. ‘మిస్టర్ వాంపైర్’ హాంగ్‌కాంగ్‌లో 2 కోట్ల హాంగ్‌కాంగ్ డాలర్లకు పైగా వసూలు చేసింది. జపాన్‌లో, తైవాన్‌లో పిల్లలంతా గెంతడం మొదలుపెట్టారు. తర్వాత కొన్నేళ్ళపాటు గెంతే శవాల సినిమాలు వరదలా వచ్చాయి.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఆడ దయ్యం కథ, అంటే చౌ సాంగ్‌ను మోహించే సియు యుక్ భాగం, అసలు కథకు పూర్తిగా అతకలేదు. పల్లకిలో ఆమె వచ్చేటప్పుడు చిన్నపిల్లల గొంతులతో వినిపించే పాట మాత్రం మనసులోంచి పోదు. పౌలిన్ వాంగ్ ఆ పాత్రకు ఒక దిగులు తెచ్చింది. కానీ ఆ అరగంట అసలు శవం పక్కన కూర్చుని ఎదురుచూస్తున్నట్టు ఉంటుంది. పోలీసు అధికారి వేషంలో బిల్లీ లౌ అరుపులు కూడా కొన్నిచోట్ల విసుగు తెప్పిస్తాయి. యామ్ కూతురు టింగ్ టింగ్‌గా వేసిన మూన్ లీ తర్వాత మంచి ఫైట్ హీరోయిన్ అయింది, ఇక్కడ ఆమెకు చేసే పనే ఇవ్వలేదు. ఒక కోడిని కోసే దృశ్యం కూడా ఉంది, పిల్లలతో చూస్తే ఆ చోట జాగ్రత్త. మిగతాది ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలు హాయిగా చూస్తారు.

ఈ సినిమా వచ్చిన సమయం గురించి కొందరు విమర్శకులు ఒక మాట అంటారు. 1984లో బ్రిటన్, చైనా ఒప్పందం కుదిరి, 1997లో హాంగ్‌కాంగ్‌ను చైనాకు అప్పగించడం ఖాయమైంది. ఆ టెన్షన్‌లో ఉన్న జనానికి, అధికారి దుస్తులు వేసుకుని ఉత్తరం నుంచి గెంతుకుంటూ వచ్చే పాత శవం వేరే అర్థంలో కనిపించి ఉంటుందని. కావచ్చు. నాకైతే ఆ అర్థం లేకపోయినా సినిమాలో ఏమీ తగ్గదు.

ఇక ఏం చూడాలి అన్నారు. ముందు వెనక్కి వెళ్ళి సామో హుంగ్ 1980 సినిమా చూడండి. అక్కడ శవం, మంత్రగాళ్ళ పోటీ ఇంకా మొరటుగా, ఇంకా భయంకరంగా ఉంటాయి. తర్వాత 1987లో వచ్చిన ‘మిస్టర్ వాంపైర్’ మూడో భాగం చూడండి. రెండోది ఆధునిక నగరంలో జరుగుతుంది, పిల్లల కోసం తీసినట్టు ఉంటుంది, తొందరలేదు. నాలుగోదాంట్లో లామ్ లేడు. కానీ తావో గురువు, పక్కింటి బౌద్ధ భిక్షువు రోజూ పోట్లాడుకునే మొదటి సగం నాకు చాలా ఇష్టం. మన నాలుగు కళ్ళాయన ఆంథనీ చాన్‌కు అందులో పెద్ద వేషం దొరికింది. 1989లో లామ్ తనే దర్శకత్వం వహించిన ‘వాంపైర్ వర్సెస్ వాంపైర్’లో తావో గురువుకు యూరప్ రక్తపిశాచి ఎదురవుతుంది. తన కాగితాలు, బియ్యం దాని మీద పనిచెయ్యవు. నియమాలు మారిపోతే గురువు ఏం చేస్తాడన్నది మంచి ఆలోచన.

లామ్ చింగ్‌యింగ్ 1997 నవంబర్ 8న కాలేయ క్యాన్సర్‌తో పోయాడు. 44 ఏళ్ళే. వేషంలో ఎప్పుడూ ముసలివాడిగా కనిపించిన మనిషి నిజం ముసలితనం చూడలేదు. అన్నీ చూశాక, చివర్లో, 2013లో వచ్చిన ‘రిగర్ మార్టిస్’ చూడండి. చౌ సాంగ్ వేషం వేసిన చిన్ సియుహో అందులో ఒక పాతబడిన నటుడు, పాడుబడ్డ అపార్టుమెంట్‌లోకి మారతాడు. ఆంథనీ చాన్ అక్కడ బనియన్ వేసుకుని జిగురు బియ్యం వండి అమ్మే మాజీ గురువు. అందులో నవ్వు ఒక్క చినుకు కూడా లేదు. మొదటి సినిమా మీద ప్రేమ ఉంటేనే అది గుండెకు తగులుతుంది, అందుకే ముందు చూడొద్దంటున్నాను.

మీ స్నేహితుణ్ణి ఇంకోసారి కూర్చోబెట్టే వీలుంటే ఇంగ్లీషు డబ్బింగ్ తీసేసి కాంటనీస్ ఆడియో పెట్టండి. సమాధి తవ్వే సన్నివేశం నుంచి పెట్టె అడుగు బయటపడే దాకా ఫోన్లు పక్కన పెట్టి చూడమనండి. ఇద్దరు శిష్యులూ దారం లాగి వదులుతున్నప్పుడు వచ్చే ఆ టప్ టప్ శబ్దం వినమనండి. ఎన్ని వైపులా వినిపించిందో లెక్కపెట్టమనండి.